నిర్బంధంలో మరణం: కారణం గడిలో ఏం రాయాలి?

2022 ఏప్రిల్ 18 రాత్రి చెన్నై కెల్లీస్ దగ్గర వాహనాల తనిఖీలో పోలీసులు ఇద్దరిని ఆపి స్టేషన్‌కు తీసుకువెళ్లారు. వారిలో 25 ఏళ్ల యువకుడు మరునాటికి శవమయ్యాడు. పొద్దున టిఫిన్ తిన్నాడనీ, వాంతి చేసుకున్నాడనీ, ఫిట్స్ వచ్చాయనీ, కీల్పాక్ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయిందనీ మొదట వివరణ వచ్చింది. శాసనసభలో ముందుగా చెప్పిన మాట కూడా అదే. శవపరీక్షలో 13 గాయాలు నమోదయ్యాయి. ఆ తరువాత కేసు హత్యానేరం కిందికి మారింది, రాష్ట్ర నేర పరిశోధన విభాగం సీబీసీఐడీ కొందరు పోలీసులను అరెస్టు చేసింది. ఎవరి నేరం ఎంత అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. ఇక్కడ గమనించవలసింది, శవపరీక్ష నివేదిక చేతికి రాకముందే మరణానికి ఒక కారణం ప్రకటితమైందన్న సంగతి.

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో తమిళ పత్రిక చదివే అలవాటు ఉన్నవారికి ఇలాంటి వార్తల్లో తిరిగి తిరిగి కనిపించే మాటలు తెలుసు. ఫిట్స్‌కు ‘వలిప్పు’ అనీ, ఛాతీ నొప్పికి ‘నెంజువలి’ అనీ, గుండెపోటుకు ‘మారడైప్పు’ అనీ రాస్తారు. తెలుగు పత్రికల్లో వీటి స్థానంలో ‘అస్వస్థతకు గురై’, ‘గుండె ఆగి’ అన్న మాటలు వస్తాయి. ఈ మాటలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. మరణం చనిపోయినవాడి శరీరం లోపలి నుంచి వచ్చిందని అవి చెబుతాయి. పట్టుకున్న చెయ్యి, నొక్కిన మోకాలు, కొట్టిన లాఠీ ఆ వాక్యంలో ఎక్కడా ఉండవు. పోలీసుల అదుపులో జరిగిన మరణానికి కారణం ఏమిటన్న వాదం ఏ దేశంలో జరిగినా, చివరికి ఆ వాక్యాన్ని ఎవరు రాస్తారన్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఈ వాదం ప్రపంచమంతా చూస్తుండగా, సాక్షుల నోట, అంకెలతో సహా జరిగిన సందర్భం ఒకటుంది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో 46 ఏళ్ల జార్జ్ ఫ్లాయిడ్‌ను నకిలీ నోటు ఫిర్యాదు మీద పోలీసులు పట్టుకుని, చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేసి, రోడ్డు మీద బోర్లా పడేశారు. డెరెక్ షావిన్ అనే అధికారి 9 నిమిషాల 29 సెకన్ల పాటు అతని మెడ మీద, వీపు మీద మోకాళ్లు మోపి ఉంచాడు. ఊపిరి ఆడటం లేదని ఫ్లాయిడ్ ఇరవైకి పైగా సార్లు చెప్పాడు. నాడి అందడం లేదని పక్కనున్న అధికారి చెప్పిన తరువాత కూడా మోకాలు లేవలేదు. ఇదంతా వీడియోలో ఉంది. అయినా 2021 మార్చి చివర మొదలైన విచారణలో వైద్యులు వరుసగా బోనెక్కి, ఆ మనిషి ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు చెప్పారు. అంత స్పష్టమైన దృశ్యం ఉండగా కూడా వాదానికి చోటెక్కడిదన్న ఆశ్చర్యం సహజమే. ఆ చోటు ఎక్కడిదో తెలియాలంటే ముందు మరణ ధ్రువీకరణ పత్రం ఎలా రాస్తారో తెలియాలి.

ఆ పత్రంలో మూడు వేర్వేరు విషయాలు కలగాపులగమయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మరణానికి దారితీసిన మూల సంఘటన లేదా వ్యాధి మొదటిది. దీన్నే కారణం అనాలి. ఆ కారణం శరీరంలో ఏ దారిన పనిచేసి ప్రాణం తీసిందన్నది రెండోది. రక్తస్రావం, గుండె లయ తప్పడం, ఆక్సిజన్ అందకపోవడం ఈ కోవలోకి వస్తాయి. మరణం ఏ తీరుది, అంటే సహజమా, ప్రమాదమా, ఆత్మహత్యా, మరో మనిషి చేతుల మీదుగా జరిగిందా, తేల్చలేనిదా అన్నది మూడోది. గుండె ఆగడం కారణం కాదు. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. మన దేశంలో ఆసుపత్రులు నింపే మరణ కారణ ధ్రువపత్రం నాలుగో నంబరు ఫారంలో కూడా గుండె ఆగింది, శ్వాస ఆగింది అని చావు పద్ధతిని రాయవద్దనీ, దాని వెనకనున్న వ్యాధినో గాయాన్నో మెట్లు మెట్లుగా కిందికి రాసుకుంటూ పోవాలనీ వైద్యులకు సూచన ఉంటుంది. ఆ సూచనను పట్టించుకోని ధ్రువపత్రాలు ఎన్ని ఉంటాయో ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఆ కాగితం చూసినవారికి తెలుసు.

ఫ్లాయిడ్ శవపరీక్ష చేసిన హెన్నెపిన్ కౌంటీ ప్రధాన వైద్యాధికారి ఆండ్రూ బేకర్ కారణం గడిలో రాసిన వాక్యాన్ని తెలుగులోకి తెస్తే దాదాపు ఇలా వస్తుంది: పోలీసులు లొంగదీసుకోవడం, అదిమిపట్టడం, మెడను నొక్కడం నడుమ ఏర్పడిన గుండె, ఊపిరితిత్తుల వైఫల్యం. ‘దోహదం చేసిన ఇతర పరిస్థితులు’ అన్న వేరే గడిలో రక్తనాళాలు గట్టిపడిన, అధిక రక్తపోటుతో కూడిన గుండె జబ్బు, ఫెంటనిల్ అనే తీవ్రమైన నొప్పిమందు మత్తు, ఇటీవలి మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తుమందు వాడకం నమోదు చేశాడు. మరణపు తీరు దగ్గర ‘హోమిసైడ్’ అని రాశాడు. కుటుంబం తరఫున విడిగా శరీరాన్ని పరిశీలించిన మైకేల్ బాడెన్, అలీషియా విల్సన్ ఊపిరాడకపోవడమే కారణమన్నారు. రెండు నివేదికలు వేర్వేరు మాటలు వాడాయి గనుక ఒకటి తప్పయి ఉండాలని చాలామంది అనుకున్నారు. నిజానికి మరణపు తీరు విషయంలో రెండింటికీ తేడా లేదు.

ఈ ‘హోమిసైడ్’ అన్న మాట తెలుగులోకి వచ్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. మన వార్తల్లో అది ‘హత్య’గా మారిపోతుంది. తెలుగులో హత్య అనగానే చంపాలన్న ఉద్దేశం, శిక్షార్హమైన నేరం వినిపిస్తాయి. శవపరీక్ష వైద్యుడి భాషలో ఆ మాటకు అంత బరువు లేదు. మరో మనిషి చేసిన పని వల్ల ఈ మనిషి చనిపోయాడు అన్నంతే దాని అర్థం. అది నేరమా కాదా అన్నది కోర్టు పని. ‘నరహత్య’ అన్న పాత మాట దీనికి కొంత దగ్గరగా ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే ఒక వర్గం ‘డాక్టరే హత్య అన్నాడు, ఇంకా విచారణ ఎందుకు’ అంటుంది, మరో వర్గం ‘డాక్టరు పోలీసుల మీద తీర్పు చెప్పడమేమిటి’ అంటుంది. రెండు మాటలూ ఒకే అపార్థంలోంచి పుట్టినవి.

షావిన్ తరఫు వాదన పస లేనిదేమీ కాదు. దాన్ని దాని బలంతోనే అర్థం చేసుకోవాలి. ఆసుపత్రిలో తీసిన రక్తంలో ఫెంటనిల్ ఒక మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు ఉంది. అంతకంటే తక్కువ మోతాదుతో చనిపోయినవారు ఉన్నారు. గుండె బరువు 540 గ్రాములు, ఆ శరీరానికి ఉండవలసిన దానికంటే ఎక్కువ. కుడి కరోనరీ ధమని 90 శాతం, ఎడమవైపు ముఖ్యమైన కొమ్మ 75 శాతం పూడి ఉన్నాయి. మెడ లోపలి కణజాలంలో ప్రాణాంతకమైన గాయం లేదు, ఊపిరాడని మరణాల్లో కొన్నిసార్లు కళ్లలో కనిపించే సూది మొనంత రక్తపు చుక్కలు లేవు. మేరీల్యాండ్ రాష్ట్రానికి ప్రధాన శవపరీక్ష వైద్యుడిగా పనిచేసిన డేవిడ్ ఫౌలర్ వీటన్నిటినీ కూర్చి, పెనుగులాట సమయంలో గుండె జబ్బు వల్ల హఠాత్తుగా లయ తప్పడమే కారణమన్నాడు. మత్తుమందులు, పారాగాంగ్లియోమా అనే కణితి, పక్కనున్న వాహనం పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా పాత్ర వహించి ఉండవచ్చని చెప్పి, మరణపు తీరు ‘తేల్చలేనిది’ అన్నాడు.

ఒక్కొక్కటిగా చూస్తే ఈ వాదన ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ నిలవదో తెలుస్తుంది. ఫెంటనిల్ ప్రాణం తీసే పద్ధతి వైద్యులకు తెలిసినదే. అది మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. మనిషి మగతలోకి జారుకుంటాడు, శ్వాస నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోతుంది. ప్రాసిక్యూషన్ తరఫున వచ్చిన ఊపిరితిత్తుల నిపుణుడు మార్టిన్ టోబిన్, వీడియోలో ఫ్లాయిడ్ స్పృహ తప్పే ముందు శ్వాసలను లెక్కపెట్టి నిమిషానికి 22 అని చూపించాడు. మందు ఊపిరి ఆపుతున్న మనిషి శ్వాస ఆ వేగంతో ఉండదు. అంతకుముందు క్షణాల్లో ఆ మనిషి మగతగా లేడు, మాట్లాడుతున్నాడు, బతిమాలుతున్నాడు. పైగా రక్తంలో ఫెంటనిల్ విడిపోగా మిగిలే నార్ఫెంటనిల్ 5.6 నానోగ్రాములు ఉంది. మందు వేసుకున్న వెంటనే చనిపోయినవారిలో మూల మందుతో పోలిస్తే ఈ అవశేషం చాలా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని విడగొట్టేంత సమయం శరీరానికి దొరకదు. కార్బన్ మోనాక్సైడ్ వాదన ఇంకా త్వరగా వీగిపోయింది. ఆసుపత్రిలో రక్తపు ఆక్సిజన్ సంతృప్తత 98 శాతంగా నమోదైంది కనుక ఆ విషవాయువు పట్టిన భాగం 2 శాతాన్ని మించే వీలు లేదని టోబిన్ మళ్లీ బోనెక్కి చెప్పాడు.

‘మాట్లాడగలిగితే ఊపిరి ఆడుతున్నట్టే కదా’ అన్న వాదన ఫ్లాయిడ్ దగ్గరే కాదు, పోలీసులు మనుషులను అదిమిపట్టే ప్రతి చోటా వినిపిస్తుంది. ఇది పైకి తర్కంలా కనిపించి ప్రాణాలు తీసే అపోహ. విశ్రాంతిగా ఉన్న పెద్దవాడు ఒక్కో శ్వాసలో సుమారు 500 మిల్లీలీటర్ల గాలి తీసుకుంటాడు. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది. రక్తంతో గాలిని మార్చుకునే గాలిగదుల దాకా అది చేరదు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, సంకెళ్ల చేతులను వీపు మీదికి నెట్టి, పైన బరువు మోపితే పక్కటెముకలు పైకి లేవలేవు, పొట్ట నేలకు నొక్కుకుని ఉదరవితానం కిందికి దిగలేదు. శ్వాస చిన్నదవుతుంది. ఒక్కో శ్వాసలో 200 మిల్లీలీటర్లు మాత్రమే వస్తున్నాయనుకుంటే గాలిగదులకు చేరేది 50 మాత్రమే. ‘ఊపిరాడట్లేదు’ అన్న ఒక్క మాట పలకడానికి స్వరపేటిక మీదుగా కొంచెం గాలి బయటికి పోతే చాలు. ప్రాణం నిలవడానికి అది చాలదు. చివరి నిమిషం దాకా మాట్లాడి చనిపోయిన మనిషిలో వైరుధ్యమేమీ లేదు. అదీగాక పెనుగులాటలో కండరాల నుంచి ఆమ్లం రక్తంలోకి చేరుతుంది, దాన్ని వదిలించుకోవడానికి శరీరం లోతుగా, వేగంగా ఊపిరి తీయాలనుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఛాతీ మీద బరువుంటుంది. బోర్లా అదిమిపట్టిన మనుషుల గుండె హఠాత్తుగా ఆగిపోవడంలో ఈ ఆమ్లానిదే పెద్ద పాత్ర అని ఇటీవలి సంవత్సరాల్లో కొందరు ఫోరెన్సిక్ వైద్యులు వాదిస్తున్నారు.

దీనికి ఎదురుగా 1990ల చివరి నుంచి అమెరికాలోని శాన్ డియాగోలో జరిగిన ప్రయోగాలను చూపిస్తారు. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద అభ్యర్థులను కట్టి బోర్లా పడుకోబెట్టారు, తరువాతి ప్రయోగాల్లో వీపు మీద 25, 50 పౌండ్ల బరువులు కూడా పెట్టారు. శ్వాస సామర్థ్యం కొంత తగ్గినా ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోలేదు. పోలీసుల తరఫున ఈ ఫలితాలు కోర్టుల్లో చాలా ఏళ్లు ఉపయోగపడ్డాయి. ఆ ఫలితాలు అబద్ధం కావు. అయితే ప్రయోగశాలలో పడుకున్నవాడికి చెయ్యి ఊపితే బరువు తీసేస్తారని తెలుసు. అతనికి భయం లేదు, పారిపోయే ప్రయత్నం లేదు, రక్తంలో ఆమ్లం లేదు, గుండె జబ్బు లేదు. వీధిలో మోకాలి కింద ఉన్నవాడికి ఇవన్నీ ఉన్నాయి.

ప్రాసిక్యూషన్ సాక్షుల్లోనే ఏకాభిప్రాయం లేదన్న సంగతిని దాచనక్కరలేదు. ఆక్సిజన్ చాలకే మరణం అని టోబిన్ గట్టిగా చెప్పాడు. బేకర్ ఊపిరాడకపోవడం అన్న మాట వాడలేదు. జబ్బు గుండె మీద పోలీసుల పట్టు, మెడ మీది ఒత్తిడి పడేసరికి ఆ శరీరం తట్టుకోలేకపోయిందన్నది అతని మాట. ఇంకొక విషయం కూడా బయటికి వచ్చింది. ఇదే మనిషి ఇంట్లో ఒంటరిగా చనిపోయి కనిపించి, మరే కారణమూ లేకుంటే, అంత ఫెంటనిల్ చూసి మోతాదు మించిన మరణం అనడం ఆమోదయోగ్యమే అవుతుందని బేకర్ ప్రాసిక్యూటర్లతో అన్నట్టు వారి నోట్సులో ఉంది. ఫెంటనిలే చంపిందని తాను అనడం లేదని కూడా అదే నోట్సులో ఉంది. డిఫెన్స్ మొదటి సగాన్ని ఆయుధం చేసుకుంది. నిజానికి శవపరీక్ష శాస్త్రం ఎలా పనిచేస్తుందో చెప్పే మాట అదే. శరీరం ఒక్కటే చూసి కారణం చెప్పే పద్ధతి ఆ శాస్త్రంలో లేదు. శరీరం, అది దొరికిన చోటు, అంతకుముందు జరిగిన సంఘటన, ఈ మూడూ కలిస్తేనే కారణం. ఈదడం రాని మనిషి చెరువులో శవమై తేలితే, పరీక్షలో అతని గుండె రక్తనాళాలు సగం పూడి కనిపించినా ‘గుండెపోటు’ అని ఎవరూ రాయరు. అవే రక్తనాళాలు ఉన్న మనిషి నిద్రలో పోతే అదే రాస్తారు.

చట్టం వేసే ప్రశ్న వైద్యుడి ప్రశ్నకంటే ఇరుకైనది. అదే దాని సౌకర్యం కూడా. ప్రతివాది పని మరణానికి గణనీయమైన కారణాల్లో ఒకటైతే చాలు, ఇతర కారణాలు తోడైనంత మాత్రాన బాధ్యత పోదు అని ఆ నగరం ఉన్న మిన్నెసోటా రాష్ట్ర న్యాయమూర్తి జ్యూరీకి చెప్పాడు. టోబిన్‌కూ బేకర్‌కూ ఉన్న తేడాను జ్యూరీ తేల్చవలసిన అవసరం రాలేదు. 2021 ఏప్రిల్ 20న మూడు అభియోగాల్లోనూ షావిన్‌ను దోషిగా నిర్ణయించారు. శిక్ష 22 ఏళ్ల 6 నెలలు.

ఇది అమెరికా చట్టం గొప్పదనమని మనవాళ్లు కొందరు అనుకుంటారు. మన చట్టంలో ఈ మాట 1860 నుంచీ ఉంది. భారత శిక్షాస్మృతి 299వ సెక్షన్ మొదటి వివరణ ప్రకారం, వ్యాధితోనో శారీరక బలహీనతతోనో బాధపడుతున్న మనిషికి ఎవరైనా దేహగాయం చేసి, దానివల్ల అతని మరణాన్ని త్వరపరిస్తే, ఆ మరణాన్ని కలిగించినట్టే లెక్క. సరైన వైద్యం అంది ఉంటే బతికేవాడన్న వాదన కూడా గాయం చేసినవాణ్ని తప్పించదని రెండో వివరణ చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ రెండు వివరణలూ 100వ సెక్షన్ కింద అలాగే ఉన్నాయి. ‘ముందే గుండె జబ్బుంది’, ‘ముందే ఫిట్స్ ఉన్నాయి’ అన్న మాటలు మరణ కారణం విషయంలో పూర్తి సమాధానం కావని చట్టపుస్తకం నూట అరవై ఏళ్లకు పైగా చెబుతూనే ఉంది.

జబ్బును అడ్డుపెట్టుకోవడం అప్పట్లోనూ ఉంది. వలస పాలన కాలంలో ఆంగ్లేయ యజమానులు నౌకర్లను కొట్టగా చనిపోతే, మలేరియాతో పెరిగిన ప్లీహం పగలడమే కారణమని కోర్టుల్లో తరచూ వినిపించేది. కడుపులో ‘బల్ల’ పెరిగిందని మన పెద్దలు చెప్పే జబ్బు అదే. 1870ల నడుమ ఆగ్రాలో ఫుల్లర్ అనే ఆంగ్లేయ న్యాయవాది తన గుర్రపు సయిసును కొట్టాడు. ప్లీహం పగిలి ఆ మనిషి చనిపోయాడు. మెజిస్ట్రేటు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. ఇది ఎంత చిన్న శిక్షో చూసి వైస్రాయ్ లిట్టన్ సైతం 1876లో బహిరంగంగా తప్పుపట్టవలసి వచ్చింది. మలేరియా ఆ ప్లీహాన్ని పెంచింది నిజమే. ఆ రోజు ఆ గంటకు దాన్ని పగలగొట్టింది మలేరియా కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మరణాన్ని కలిగించడం వేరు, నేరపూరితంగా కలిగించడం వేరు. అవతలివాడికి జబ్బుందని తెలియక చిన్న దెబ్బ కొడితే, మరణం ఆ దెబ్బవల్లే అని తేలినా, ఉద్దేశమూ ఎరుకా లేనప్పుడు నేరం తీవ్రత తగ్గుతుంది. పోలీసుల తరఫు న్యాయవాదులు సరిగ్గానే ఈ తేడాను పట్టుకుంటారు. అయితే అదిమిపట్టిన మరణాల్లో ఎరుక అన్నది కాలంతో పాటు పెరుగుతుంది. మొదటి నిమిషంలో మోకాలు మోపినవాడికి కిందివాడి గుండె సంగతి తెలియకపోవచ్చు. ఊపిరాడటం లేదని పదోసారి విన్నప్పుడు, ఒళ్లు సడలినప్పుడు, నాడి అందడం లేదని పక్కవాడు చెప్పినప్పుడు తెలియలేదనడం కష్టం. అందుకే ఇలాంటి కేసుల్లో నిమిషాల లెక్క వైద్యానికి ఎంత ముఖ్యమో చట్టానికీ అంతే ముఖ్యం.

వైద్యశాస్త్రమే ఒక తప్పు మాటను తయారుచేసి ఇచ్చిన ఉదంతాన్ని వదిలి ఈ విషయం మాట్లాడటం కుదరదు. 1980ల్లో అమెరికాలోని మయామీలో చార్ల్స్ వెట్లీ అనే శవపరీక్ష వైద్యుడు, కొకైన్ వాడినవారు ఉద్రేకంలో హఠాత్తుగా చనిపోతారని చెబుతూ ‘ఎక్సైటెడ్ డెలీరియం’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అదే నగరంలో వరసగా చనిపోయిన నల్లజాతి స్త్రీల మరణాలకు కూడా కొకైన్‌నే కారణంగా చెప్పాడు. ఆ మరణాలను తిరిగి పరిశీలిస్తే అవి ఊపిరాడకుండా చేసిన హత్యలని తేలింది. అయినా ఆ పేరు బతికింది, పోలీసు శిక్షణలోకి వెళ్లింది, అత్యవసర వైద్యుల సంఘం 2009లో దాన్ని సమర్థిస్తూ పత్రం వెలువరించింది. ఆ రోగం దాదాపు ఎప్పుడూ పోలీసుల చేతుల్లో ఉన్నవారికే ఎందుకు వస్తుందన్న ప్రశ్న వేయడానికి వైద్య సంఘాలకు చాలా కాలం పట్టింది. 2023లో శవపరీక్ష వైద్యుల జాతీయ సంఘం ఆ మాటను మరణ కారణంగా ఒప్పుకోబోమంది, అత్యవసర వైద్యుల సంఘం తన పత్రాన్ని ఉపసంహరించుకుంది, కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి నిషేధించింది. ఫౌలర్ సాక్ష్యం తరువాత మేరీల్యాండ్‌లో అతని హయాంలో జరిగిన నిర్బంధ మరణాలపై సమీక్ష మొదలైంది. 2025 మేలో వచ్చిన ఫలితాల ప్రకారం స్వతంత్ర నిపుణులు పరిశీలించిన 87 మరణాల్లో కనీసం 36 మరణాలను హోమిసైడ్ అని రాసి ఉండవలసిందని సమీక్షకులు ఏకగ్రీవంగా చెప్పారు. అంత పెద్ద తప్పు ఒక్క మనిషి దురుద్దేశంతో జరగనక్కరలేదు. పోలీసు చెప్పిన కథను వైద్యుడు ‘కేసు చరిత్ర’గా ముందే అందుకోవడంతోనే జరిగిపోతుంది.

మళ్లీ తమిళనాడుకు వస్తే, మినియాపొలిస్‌లో ఉన్న వీడియో ఇక్కడి లాకప్పుల్లో ఉండదు. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీటీవీ కెమెరాలు ఉండాలనీ, దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలనీ, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. కెమెరా పనిచేయలేదన్న సమాధానం ఆ తరువాత కూడా ఆగలేదు. ఇక మిగిలే సాక్షి శరీరమే. ఇక్కడి మరణాల స్వభావం కూడా వేరు. మోకాలితో అదిమిన మరణంలో శరీరం మీద గుర్తులు లేకపోవచ్చు. లాఠీ దెబ్బల మరణంలో గుర్తులే కథ చెబుతాయి. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో అరెస్టయి కోవిల్‌పట్టి సబ్‌జైలుకు వెళ్లిన తండ్రీకొడుకులు ఒకరి వెనక ఒకరు చనిపోయినప్పుడు కూడా ఊపిరాడలేదు, జ్వరం వచ్చింది అన్న మాటలే ముందుగా వచ్చాయి. నేల మీద దొర్లి తమకు తామే గాయాలు చేసుకున్నారని ఎఫ్‌ఐఆర్‌లో రాశారు.

మద్రాసు ప్రెసిడెన్సీకి ఈ చరిత్ర కొత్తది కాదు. పన్నుల వసూలులోనూ, నేరం ఒప్పించడంలోనూ జరిగే చిత్రహింసలపై 1854లో వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. అప్పటి ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల నుంచి కూడా ఫిర్యాదులు అందాయి. వేళ్లను నలిపే ‘కిట్టి’ అనే చెక్క పనిముట్టు గురించి రాస్తూ తెలుగువాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో కూడా ఆ నివేదిక నమోదు చేసింది. అధికారికి గుర్తు కనబడకుండా బాధ పెట్టే పద్ధతులకు తెలుగులో పేర్లు ఉండేవన్న సంగతి తెలుగువారు మరిచిపోకూడనిది.

శరీరమే సాక్షి అయినప్పుడు ఆ సాక్షిని ఎవరు, ఎప్పుడు, ఎలా ప్రశ్నించారన్నదే అసలు వాదం. నిర్బంధంలో మరణిస్తే జ్యుడీషియల్ మెజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. పాత నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) 176వ సెక్షన్‌లో 2005 సవరణతో చేరిన ఈ నిబంధన ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్‌లో ఉంది. 24 గంటల్లోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలి, శవపరీక్షను వీడియో తీయాలి. మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం 2020లో మరికొంత ముందుకు వెళ్లింది. కోతకు ముందూ తరువాతా కుటుంబం శరీరాన్ని చూసే వీలుండాలనీ, ఎముకలు విరిగాయో లేదో తెలిసేలా ఒళ్లంతా ఎక్స్‌రే తీయాలనీ, మళ్లీ పరీక్ష కోరుతూ హైకోర్టుకు వెళ్లదలచిన కుటుంబం కోసం శరీరాన్ని కనీసం 48 గంటలు భద్రపరచాలనీ చెప్పింది. చర్మం కింద కమిలిన చోట్లు పైకి కనిపించకపోవచ్చు, వీపు, పిరుదులు, అరికాళ్లు కోసి చూస్తేనే తెలుస్తాయి. దహనం అయిపోయాక అడగడానికి ఏమీ మిగలదు.

‘విసెరా రిపోర్టు వచ్చేదాకా అభిప్రాయం వాయిదా’ అన్న వాక్యం మన శవపరీక్ష నివేదికల్లో తరచూ ఉంటుంది. అందులో తప్పు లేదు. కానీ విసెరా పరీక్ష, అంటే లోపలి అవయవాల రసాయన పరీక్ష, విషాన్నీ మత్తుమందునూ పట్టుకుంటుంది, చెయ్యి బరువును పట్టుకోదు. ‘విషమేదీ లేదు’ అని నెలల తరువాత వచ్చే నివేదిక కేసును తేల్చినట్టు కనిపించి, తేల్చవలసిన ప్రశ్నను మరుగున పడేస్తుంది. పోలీసుల అదుపులో నిజంగానే జబ్బుతో చనిపోయేవారు ఉంటారు. మద్యం హఠాత్తుగా మానడం వల్ల నిజంగానే ఫిట్స్ వస్తాయి, తలకు తగిలిన దెబ్బను తాగిన మైకమనుకుని వదిలేసిన సందర్భాలూ ఉంటాయి. నిర్దోషి అయిన కానిస్టేబుల్‌కు కూడా రక్షణ నిమిషాలతో సహా రాసిన కాగితమే. ఎన్ని గంటలకు తెచ్చారు, అప్పుడు ఒంటి మీద ఏమున్నాయి, ఎవరు పట్టుకున్నారు, ఏ భంగిమలో, ఎంతసేపు, ఎప్పుడు మాట ఆగింది, ఎప్పుడు అంబులెన్సుకు ఫోన్ చేశారు. అరెస్టయినవాడికి చేయవలసిన వైద్య పరీక్ష స్టేషన్ గుమ్మం దగ్గర మొక్కుబడిగా కాకుండా బట్టలు తీయించి జరిగితే ఈ ప్రశ్నల్లో సగానికి సమాధానం ముందే దొరుకుతుంది.

చెన్నై చుట్టుపక్కల కట్టడాల్లో పనిచేసే కూలీల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు లాకప్పులో చనిపోతే మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం తమిళంలో రాస్తారు, శవపరీక్ష నివేదిక ఇంగ్లీషులో వస్తుంది. సంతకం పెట్టవలసిన తల్లికో భార్యకో ఆ రెండూ రావు. ‘అమ్మా, ఫిట్స్ వచ్చాయమ్మా’ అని ఒకరు తెలుగులో చెబుతారు, ఆమెకు అర్థమయ్యే ఏకైక వాక్యం అదే అవుతుంది. ఊరి నుంచి కబురందుకుని రైలెక్కి, రాత్రంతా ప్రయాణించి సెంట్రల్‌లో దిగి, ఆసుపత్రి మార్చురీ ఎక్కడో అడుగుతూ వెళ్లేసరికి ఆ 48 గంటల్లో ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. మిగిలిన ఒక్క రోజులో ఆమె ఒక న్యాయవాదిని వెతకాలి, శరీరాన్ని చూస్తానని అడగాలి, ఒళ్లంతా ఎక్స్‌రే తీశారా అని అడగాలి. అడగవచ్చని ఆమెకు తెలుగులో చెప్పే మనిషి ఆ మార్చురీ వరండాలో ఒకరు ఉండాలి.